చీలమండ ఎముకలో ఆస్టియాయిడ్ ఆస్టియోమా: ఆర్ఎఫ్ఏ చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మా అబ్బాయికి 16 ఏళ్లు. కుడి చీలమండలో నొప్పి. పగలు పర్వాలేదు గానీ, అర్ధరాత్రి దాటాక కాలు పట్టుకుని లేచి కూర్చుంటాడు. ఐబుప్రొఫెన్ వేస్తే కాసేపటికి నిద్రపోతాడు. కబడ్డీ ఆడతాడు కాబట్టి బెణుకే అన్నారు మొదట చూసిన డాక్టర్. ఎక్స్‌రేలోనూ ఏమీ కనబడలేదు. చివరికి సీటీ తీస్తే చీలమండలోని టాలస్ అనే ఎముకలో 7 మిల్లీమీటర్ల చిన్న గడ్డ బయటపడింది. దాన్నే ఆస్టియాయిడ్ ఆస్టియోమా అంటారట.

ఇది క్యాన్సర్ కాదు, అలా మారదు కూడా అని ఇప్పుడు చూస్తున్న ఆర్థోపెడిక్ డాక్టర్ గట్టిగా చెప్పారు. అయినా రిపోర్టులో ట్యూమర్ అన్న మాట వినగానే మా అత్తగారు వెంకన్నకి ముడుపు కట్టేశారు!

కొన్నేళ్లకు దానంతటదే తగ్గొచ్చట, అప్పటిదాకా మాత్రలతో నెట్టుకురావాలి. అన్నాళ్లు మాత్రలంటే కడుపు, కిడ్నీలు ఏమవుతాయోనని నా టెన్షన్. లేదంటే ఆర్ఎఫ్ఏ (రేడియోఫ్రీక్వెన్సీ అబ్లేషన్): సీటీలో చూస్తూ సూది దింపి, గడ్డను వేడితో కాల్చేస్తారు. నాకు మనసు అటే ఉంది. కాకపోతే గడ్డ కీలు పక్కనే ఉంది, మృదులాస్థికి వేడి తగులుతుందేమో.

చీలమండకే చేయించుకున్నవాళ్లుంటే చెప్పండి. రాత్రి నొప్పి ఎప్పుడు పోయింది? కాలు మీద బరువు ఎప్పుడు వేయనిచ్చారు? మళ్లీ వచ్చిందా? ఒప్పుకునే ముందు డాక్టర్‌ను ఇంకేం అడగాలి?