బొలేరో వించ్‌కు ఇనుప తాడా, సింథటిక్ తాడా?

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర పల్లె. తోతాపురి కోతలప్పుడు వానొస్తే లోడు బండ్లు తోపులోనే దిగబడతాయి. అందుకే మా బొలేరో క్యాంపర్‌కు వించ్, అంటే దిగబడిన బండిని తాడుతో లాగే మోటారు, పెట్టించినాను. దాని లాగుడు బలం 9,500 పౌండ్లు, అంటే దాదాపు 4,300 కిలోలు.

పోయిన వారం ఒక పికప్‌ను లాగుతుంటే 8 మిల్లీమీటర్ల ఇనుప తాడు కొక్కెం దగ్గర తెగి, కొరడా మాదిరి వెనక్కొచ్చి బానెట్‌ను కొట్టింది. మా తమ్ముడు అడుగు దూరంలో ఉన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత చూస్తే అక్కడక్కడ సన్న తీగలు ముందే తెగి ముళ్లలా లేచి ఉన్నాయి. అప్పుడే మార్చాల్సింది.

సింథటిక్ తాడు తేలిక, తెగినా ఇంత ఊపుగా ఎగరదు. కానీ మా దగ్గర బండరాళ్లు ఎక్కువ, ఒరుసుకుంటే ఎన్నాళ్లు నిలుస్తుంది? పైగా నా వించ్ బ్రేకు తాడు చుట్టుకునే డ్రమ్ములోనే ఉంది. బండిని మెల్లగా దించేటప్పుడు ఆ వేడికి తాడు పాడవదా? తాడు బయటికొచ్చే చోట ఉన్న పాత రోలర్లు తీసేసి అల్యూమినియం హాస్ (తాడు జారే నున్నటి పలక) వేయక తప్పదా?

ఇంకొకటి. స్నాచ్ బ్లాక్ (తాడు తిప్పే కప్పీ) చెట్టుకు కట్టి తాడు తిప్పితే, చెట్టు వైపు దాన్ని తగిలించే ఇనుప కొండి, అంటే షాకిల్ మీద లాగుడు దాదాపు రెట్టింపు పడుతుంది కదా. అక్కడ 4.75 టన్నుల షాకిల్ చాలదనే నా అనుమానం. మీరు ఎంతది వాడుతున్నారు?

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ టెస్ట్ సర్టిఫికెట్‌తో ఈ సామాను దొరికే చోటు తెలిస్తే చెప్పండన్నా. వచ్చే వానకు ముందే మార్చాలి.