18 మీటర్ల లోతున పోయిన ఎరుపు: ఎడిటింగ్‌లో తెస్తే నిజమా, రంగు పూతా?

హావ్‌లాక్_హరి: పోయిన నెల అండమాన్‌లో హావ్‌లాక్ దగ్గర డైవ్ చేశాను. 18 మీటర్ల లోతున విసనకర్రలా విచ్చుకున్న పగడం ఒకటి తీశాను. ఎర్రటిదని గైడ్ చెప్పాడు. యాక్షన్ కెమెరా, 8 బిట్ (రంగుల వివరం తక్కువ), ఆటో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా కెమెరా తనంతట తానే రంగులు సర్దుకోవడం). ఇంటికొచ్చి చూస్తే అంతా నీలం, పగడం బొగ్గులా ఉంది. రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు పెంచితే చుక్కలు చుక్కలుగా నాయిస్ వస్తోంది. పైగా నాతో వచ్చిన ఫ్రెండ్ "ఇది ఫేక్" అంటున్నాడు. ఏం చేయమంటారు?

ఉప్పుగాలి: మీ ఫ్రెండ్ అన్నదే నిజం. నీరు ముందు ఎరుపునే మింగేస్తుంది. 10 మీటర్లు దిగేసరికి అది దాదాపు మిగలదు. తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. అంత లోతున వేలు తెగితే రక్తం ఆకుపచ్చగా కనిపిస్తుంది, డైవర్లందరికీ తెలుసు. సెన్సర్‌కు చేరని రంగును ఎక్కడి నుంచి తెస్తారు? ఛానెల్ మిక్సర్‌తో ఆకుపచ్చలోంచి కొంత తీసి ఎరుపులో పోస్తారు. అది రంగు పూయడమే. నీళ్లలో ఉన్నప్పుడే కెమెరాకు తెల్ల స్లేట్ (పలక) చూపించి వైట్ బ్యాలెన్స్ పెట్టుకోవాల్సింది.

గ్రేడింగ్_గీత: "దాదాపు మిగలదు" అంటే సున్నా కాదు కదండీ. 2019లో దెర్యా అక్కైనాక్, తాలి త్రైబిట్జ్ అనే పరిశోధకులు చేసిన సీ-త్రూ అనే రంగు సరిదిద్దే పద్ధతి చూడండి. పొగమంచు లెక్కనే నీటికీ వాడటం తప్పని చూపించారు. రేణువులు వెదజల్లే వెలుగును ముందు తీసేసి, వస్తువు కెమెరాకు ఎంత దూరంలో ఉందో పిక్సెల్ పిక్సెల్‌కూ లెక్కగట్టి, ఆ మేరకే రంగు తిరిగి ఇస్తారు. మనవాళ్లు లోతు ఒక్కటే చూస్తారు. చేప నుంచి లెన్స్ దాకా ఉన్న నీళ్లు కూడా రంగు తినేస్తాయి. అందుకే ఫ్రేమ్ మొత్తానికీ ఒకే కరెక్షన్ వేస్తే దగ్గరి చేప గులాబీ రంగుకు తిరుగుతుంది, వెనక రాయి నీలంగానే ఉండిపోతుంది. హరి గారూ, ముందు నాయిస్ తగ్గించి, దగ్గరి భాగానికి మాస్క్ వేసి (అంటే దాన్ని మాత్రమే ఎంచుకుని) విడిగా చేయండి.

రుషికొండ_రాజు: విశాఖలో ఎర్ర ఫిల్టర్ పెట్టి తీశాను, ఇంకా చెడింది. మన దగ్గర నీళ్లు ఆకుపచ్చ. మెజెంటా ఫిల్టర్ పెట్టాలట.

ఉప్పుగాలి: సీ-త్రూ రా (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచిన) ఫొటోల మీద చేశారు, గీత గారూ. ఒకే చోటును చాలా కోణాల్లో తీసి దూరం లెక్కగట్టారు. హరి గారిది కంప్రెస్ అయిన 8 బిట్ వీడియో. రెండూ ఒకటి కాదు.

గ్రేడింగ్_గీత: ఒకటని నేను అనలేదు.

ఉప్పుగాలి: ఉదాహరణగా ఇచ్చింది మీరే. రా ఫైలు ఉందా, లేదా? అది చెప్పండి.

గ్రేడింగ్_గీత: రా, రా, రా! ఆరు నెలలుగా ఎవరు వీడియో పెట్టినా మీది ఇదే పాట. కొత్తవాళ్లు భయపడి పెట్టడమే మానేశారు. మా అమ్మకు మోకాళ్లు పనిచేయవు, సముద్రంలో దిగడం ఈ జన్మలో జరగదు. నేను చూసిన పగడం ఎలా ఉంటుందో ఆమెకు చూపించాలంటే రంగు తేకుండా ఎలా? అది మోసమా?

సిరి_వైజాగ్: ఇద్దరూ కాస్త ఆగండి ప్లీజ్.

ఉప్పుగాలి: మీ అమ్మగారి సంగతి నాకు తెలియదు, మన్నించండి. నా సంగతీ వినండి. 2024 వేసవిలో లక్షద్వీప్‌లో సముద్రం వేడెక్కి పగడాలు పాలిపోయాయి. నేను తీసిన క్లిప్‌ను ఒక డైవింగ్ షాపు అడిగితే ఇచ్చాను. వాళ్లు ఎరుపు పెంచి యాడ్‌లో పెట్టుకున్నారు. తెల్లబడ్డ కొమ్మలు లేత గులాబీకి తిరిగాయి. కింద కామెంట్లలో "పగడాలు బాగానే ఉన్నాయిగా" అని రాశారు. చచ్చిపోతున్న దాన్ని నా వీడియోతోనే బతికించి చూపించారు. అప్పటి నుంచి ఈ పని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

గ్రేడింగ్_గీత: ఇది ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ ఎందుకండీ? అయితే మీకు కావాల్సింది ఆ రోజు నీళ్లలో ఏం జరిగిందన్న సాక్ష్యం. నాకు కావాల్సింది ఆ వస్తువు అసలు రంగు. పగడం తెల్లబడితే అసలు రంగూ తెలుపే. సరైన కరెక్షన్ దాన్ని తెల్లగానే చూపించాలి. ఆ షాపువాళ్లు చేసింది కరెక్షన్ కాదు.

ఉప్పుగాలి: సరైనదో కాదో ఎవరు తేలుస్తారు? పక్కన పోల్చడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. స్లేట్ అడిగేది అందుకే.

హావ్‌లాక్_హరి: క్లిప్ మళ్లీ మొదటి నుంచి చూశాను. గైడ్ టార్చ్ ఒక్కసారి, ఓ 2 సెకన్లు, పగడం మీద పడింది. వెలుగు పడినంత మేరా చిక్కటి ఎరుపు! నాయిస్ కూడా లేదు. గీత గారూ, ఆ ముక్కను పక్కన పెట్టుకుని మిగతాది దానికి మ్యాచ్ చేయొచ్చా?

గ్రేడింగ్_గీత: చేయొచ్చు. టార్చ్ పడినచోట పూర్తిగా నమ్మండి, దాని అంచులు దాటాక కరెక్షన్ తగ్గిస్తూ పోండి. వెనక నీలాన్ని ముట్టుకోకండి.

ఉప్పుగాలి: ఆ 2 సెకన్లు ఫైనల్ వీడియోలో కోయకుండా ఉంచండి హరి గారూ. ఒరిజినల్ ఫైలు కూడా దాచండి.