సమస్య: "దీర్ఘరాత్రి పేరు దీపమయ్యె" (ఆటవెలది)

నిర్వాహకుడు: ఈసారి సమస్య ఇటలీ ఆడపిల్లల పేరు 'లూచీయా' మీద. లాటిన్‌లో వెలుగును 'లూక్స్' అంటారు, పేరు అందులోంచే వచ్చింది. సిసిలీలోని సిరాకూజాలో ఈ పేరున్న క్రైస్తవ కన్యను క్రీ.శ. 304లో చంపారని సంప్రదాయం. ఆమె పండుగ డిసెంబరు 13. ఆ రోజంత పొట్టి పగలు మరోటి లేదని ఇటలీలో సామెత. ఇక మీ పూరణలు.

ఉషోదయం:
వెలుగు పేరు నొకటి వేకువ పొడుపున
పుట్టు బిడ్డకిడెను పూర్వరోము
పండుగయ్యె నదియె పాత పంచాంగాన
దీర్ఘరాత్రి పేరు దీపమయ్యె

నిర్వాహకుడు: భేష్! 'పాత పంచాంగం' అనడంలోనే కిటుకంతా ఉంది. అప్పటి జూలియన్ పంచాంగం లెక్కలో 14వ శతాబ్దం నాటికి అతి పొడవైన రాత్రి డిసెంబరు 13 దగ్గర పడేది. 1582లో గ్రెగోరియన్ పంచాంగం తెచ్చి పది రోజులు ఎత్తేశాక పండుగ తేదీ అలాగే ఉండిపోయింది, రాత్రి మాత్రం 21కి జరిగింది. 'పంచాంగాన' వాడుక రూపం. 'పాత లెక్కను జూడ' అంటే గణాలూ యతీ చెడవు.

పద్యపిపాసి:
చూపు మసకబారి సోలిన వారికి
పగలు కూడ రేయి, పళ్లెరమున
కనులు నిలుపుకొన్న కన్య లూసీ యొక్క
దీర్ఘరాత్రి పేరు దీపమయ్యె

కందగీత: 'దీర్ఘరాత్రి'ని అంధత్వం చేసి, 'పేరు'ను దాన్నుంచి విడదీసి కన్యకిచ్చారు. నాకు ఇదే ఎక్కువ నచ్చిందండీ. కానీ 'లూసీ' ఇంగ్లీషువాళ్లది. ఇటలీలో 'చీ' మీద ఊనిక. పైగా 'యొక్క' ఉత్త పూరకం. 'కన్య లూచీయదే' అంటే రెండు పీడలూ ఒకేసారి పోతాయి.

నిర్వాహకుడు: సవరణ బాగుంది. చిత్రమేమిటంటే పాత కథలో కళ్ల ఊసే లేదు. పేరులో వెలుగుంది గనుక చూపుకు అధిదేవతను చేశారు, పళ్లెంలో కళ్ల బొమ్మ ఆ తర్వాతెప్పుడో వచ్చింది. కథ వల్ల పేరు కాదు, పేరు వల్ల కథ.

భోజనప్రియుడు:
గోధుమలుడికించి కుచ్చీయ వండిరి
రొట్టె ముట్టరచట, లూచి నోము!
కరవునాటి నావ గాథ చెప్పుచునుండ
దీర్ఘరాత్రి పేరు దీపమయ్యె

ఉషోదయం: కుచ్చీయ అంటే మన గుగ్గిళ్లేగా! ఆ నావ సంగతేమిటండీ?

భోజనప్రియుడు: 1646 కరవులో గోధుమ ఓడ ఒడ్డుకు చేరిందట. ఆకలికి ఆగలేక, పిండి కూడా ఆడించకుండా గింజలే ఉడకబెట్టుకు తిన్నారట. అందుకే సిసిలీలోని పలెర్మోలో ఆ రోజు రొట్టె, పాస్తా మానేస్తారు. రికొట్టా జున్ను, చక్కెర కలిపితే మహా రుచి.

నిర్వాహకుడు: ధార బాగుంది. అయితే మూడు పాదాలు వంటింట్లో ఉన్నాయి, నాలుగోది గుమ్మం బయటే నిలబడింది. ఓడ రాకకూ దీపానికీ ముడి వేయండి, అప్పుడే పూరణ.

కందగీత: వెనీస్ రైల్వే స్టేషనుకూ ఆమె పేరే. ఆ చోట ఉన్న ఆమె చర్చిని 1861లో స్టేషను కోసం పడగొట్టారు. ఆ వస్తువుతో కందం రాస్తున్నాను, ప్రాస దగ్గర ఇరుక్కుంది. రేపు పెడతాను.