ఆరు నెలల మందులు: చేతి సంచిలోనా, పెద్ద పెట్టెలోనా?

ఈసీఐఎల్ అబ్బాయి

మా అమ్మానాన్న జూన్‌లో శంషాబాద్ నుంచి అబుదాబి మీదుగా చికాగో వెళ్తున్నారు, అక్క దగ్గరికి. ఐదున్నర నెలలు ఉంటారు. నాన్నకు బీపీ, కొలెస్ట్రాల్, షుగరు. రాత్రిపూట 30 యూనిట్ల ఇన్సులిన్ కూడా ఉంది. అమ్మకు థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు.

మందులు సర్దే దగ్గర ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మాత్రలన్నీ స్ట్రిప్పుల్లోంచి తీసేసి, పాత హార్లిక్స్ సీసాల్లో పోసి, మూత మీద పేరు రాసి పెద్ద పెట్టెలో పడేద్దామని నాన్న. చేతి సంచికి ఇచ్చేదే ఏడు కిలోలు, అందులో మందులే సగం ఆక్రమిస్తే ఎట్లా అంటారు. ఒక్క మాత్ర కూడా పెద్ద పెట్టెలోకి పోవద్దని నేను. అమ్మ ఎవరి వైపూ లేదు, ఆమె గొడవ పచ్చళ్లది. మీరేమంటారు?

లెక్కల మాస్టారు

మేం నాలుగుసార్లు వెళ్లొచ్చాం. నాలుగుసార్లూ ఆరు నెలల మందులు పెద్ద పెట్టెలోనే. ఎవరూ అడగలేదు, ఎవరూ విప్పలేదు. మీ నాన్నగారు చెప్పిందే నిజం, చేతి సంచి మోసుకుని మూడు టెర్మినళ్లు నడవాల్సింది ఆయన, నువ్వు కాదు.

కింద సామాన్ల అరలో మందులు గడ్డకట్టిపోతాయని వాట్సాప్‌లో భయపెడుతుంటారు. ఆ అరలో కూడా గాలి పీడనం పైన మనం కూర్చున్న చోట ఉన్నట్టే ఉంటుంది. లేకపోతే కుక్కలను, పిల్లులను అందులో ఎలా తీసుకెళ్తారు?

మందుల కొట్టు మావయ్య

మాస్టారూ, పీడనం సంగతి మీరన్నది నిజమే. బీపీ మాత్ర అక్కడ ఉన్నా, పైన ఉన్నా ఒకటే. కానీ ఇన్సులిన్‌ను మాత్రతో కలపకండి. వాడని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక్కసారి గడ్డకడితే కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, కానీ పని చేస్తుందని నమ్మలేం, పారేయాల్సిందే. కుక్క ఉందంటే సిబ్బందికి ముందే తెలుసు, ఆ అరలో వేడి చూసుకుంటారు. మీ పెట్టెలో ఇన్సులిన్ ఉందని ఎవరికి తెలుసు? ఇక జూన్ ఎండలో రన్‌వే పక్కన బండి మీద పెట్టె ఎంతసేపు ఉంటుందో దేవుడికే తెలియాలి.

ఇంకో తప్పు ఇంట్లోనే జరుగుతుంది. డీప్‌ఫ్రిజ్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్‌ను ఇన్సులిన్‌కు ఆనించి కట్టేస్తారు. చల్లగా ఉండాలని చేసి గడ్డకట్టిస్తారు. మధ్యలో ఒక గుడ్డ మడత పెట్టండి చాలు. వాడుతున్న ఇన్సులిన్ పెన్నుకు అసలు ఫ్రిజ్ అక్కర్లేదు, 30 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే చాలా రకాలు నాలుగు వారాలు ఉంటాయి.

తమ్ముడూ, ఒక్కటి చెప్పు. నాన్నగారిది పెన్నా, సీసా నుంచి సిరంజితో తీసుకునేదా?

ఈసీఐఎల్ అబ్బాయి

సీసా, సిరంజి మావయ్యా. ఎర్ర మూత సిరంజి.

మందుల కొట్టు మావయ్య

అయితే చేతి సంచి, పెద్ద పెట్టె గొడవ పక్కన పెట్టు, ముందు ఇది విను. మన దగ్గర ఇంకా ఎక్కువగా అమ్మే సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. ఎర్ర మూత సిరంజి దానికోసం గీతలు గీసింది. అమెరికాలో మామూలుగా దొరికేది మిల్లీలీటరుకు 100 యూనిట్ల ఇన్సులిన్, దానికి తగ్గ నారింజ మూత సిరంజి. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన సిరంజీలు అయిపోయి, అక్కడి సిరంజితో మన సీసాలోంచి 30 గీత దాకా లాగారనుకో, లోపలికి పోయేది 12 యూనిట్లే. తిరగేస్తే ఇంకా ప్రమాదం: అక్కడి సీసా, మన ఎర్ర మూత సిరంజి అయితే 30 అనుకున్నది 75 అవుతుంది. షుగరు పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు. సిరంజీలు లెక్కకు పది ఎక్కువే పెట్టండి, లేదంటే వెళ్లేలోపు డాక్టరును అడిగి పెన్నుకు మార్చుకోండి.

పెన్ను అయితే లెక్క ఇది. పెన్నులో వేసే ఒక కార్ట్రిడ్జ్‌లో 300 యూనిట్లు. రోజుకు 30, సూది చూసుకోవడానికి వదిలే 2 యూనిట్లు కలిపితే తొమ్మిది రోజులకు ఒకటి. తొంభై రోజులకు పది.

నేపర్‌విల్ కోడలు

తొంభై అన్నారు కాబట్టి చికాగో పక్క నుంచి చెప్తున్నా. ఆరు నెలల సరుకు తేవద్దు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పేది సొంత వాడకానికి తొంభై రోజులకు మించకుండా, అసలు ప్యాకింగ్‌లో, డాక్టరు చీటీతో తెచ్చుకోమని. మిగతా రెండున్నర నెలలవి ఇక్కడికి వచ్చాక కొరియర్‌లో తెప్పించుకోవచ్చు. అందులో పాస్‌పోర్టు, వీసా కాపీలు, డాక్టరు ఉత్తరం, ఇంగ్లీషు ప్రిస్క్రిప్షన్ పెట్టాలి. ఇన్సులిన్‌కు మాత్రం కొరియర్ నమ్మకండి, దాని సంగతి ఇక్కడి డాక్టరుతో మాట్లాడుకోండి.

మా అత్తయ్య గారు వచ్చినప్పుడు పెట్టె రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఏ విమానమో చెప్పను. మాత్రలన్నీ అందులోనే. విజిటర్ ఇన్సూరెన్సులు చాలావరకు పాత జబ్బులకు వర్తించవు. ఇక్కడి డాక్టరు చీటీ లేకుండా బీపీ మాత్ర కూడా ఇవ్వరు. ఆ రెండు రోజులూ బీపీ మిషన్ చూస్తూ కూర్చున్నాం, అంతే.

లెక్కల మాస్టారు

అమ్మా, తొంభై రోజులని నిబంధన ఉండొచ్చు, మా పెట్టెలో మాత్రలు లెక్కపెట్టినవాడు ఒక్కడూ లేడు. కొరియర్ ఖర్చు మందుల ఖరీదు కంటే ఎక్కువ అవుతుంది.

నేపర్‌విల్ కోడలు

మీ పెట్టె విప్పలేదు కాబట్టి లెక్కపెట్టలేదు మాస్టారూ. పైగా వీళ్లు వెళ్లేది అబుదాబి మీదుగా. అమెరికా ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ అక్కడే అయిపోతుంది. అక్కడ ఆపి అడిగితే, వెనకాల ఇంకో విమానం పట్టుకోవాల్సిన పెద్దవాళ్లు టెన్షన్ పడతారు. స్ట్రిప్పులు, చీటీ ఉంటే రెండు నిమిషాల పని. హార్లిక్స్ సీసాలో తెల్ల మాత్రలు ఉంటే ఏమని చెప్తారు?

ఇంకోటి. జ్వరం బిళ్లలు పది స్ట్రిప్పులు మోసుకురాకండి. పారాసిటమాల్‌నే ఇక్కడ ఎసిటమినోఫెన్ అంటారు, సరుకుల దుకాణంలో చీటీ లేకుండా దొరుకుతుంది. నిమెసులైడ్ అసలే వద్దు, అది ఇక్కడ అమ్మకానికే లేదు, మన దగ్గర కూడా పన్నెండేళ్ల లోపు పిల్లలకు 2011లోనే ఆపేశారు. మనవడికి జ్వరం వస్తే అలవాటుగా వేసే తాతలున్నారు.

జగిత్యాల బాపు

అబుదాబి అంటున్నరు కాబట్టి నా మాట ఒకటి. పద్నాలుగేండ్లు దుబాయిలో ఉండి వచ్చిన. బిడ్డా, మీ అమ్మకు మోకాళ్ల నొప్పికి ఇచ్చిన గోలీలో ట్రమడాల్ ఉన్నదా చూడు. అక్కడ అది నియంత్రణలో ఉన్న మందు. కోడీన్ కలిసిన దగ్గు సిరప్పు, ప్రెగాబలిన్ కూడా అంతే. దిగి బయటికి పోవాలంటే ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందే అనుమతి తీసుకోవాలె. వీళ్లు బయటికి పోరు, అయినా విమానం రద్దయి రాత్రికి హోటల్‌కు పంపితే? మన దగ్గర మాత్రం తక్కువా, ట్రమడాల్‌ను 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చిన్రు.

పక్కింటోళ్లు ‘మా పిలగానికి ఈ గోలీల పొట్లం తీస్కపో అక్కా’ అంటే మొహమాటం వద్దు. పొట్లం ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే కేసు. మా వైపు గసగసాల పొట్లంతో ఇరుక్కున్నోళ్లున్నరు, మందు కాదు, కూర సామాను!

ఈసీఐఎల్ అబ్బాయి

బాపూ, ఇప్పుడే చూశాను. అమ్మ స్ట్రిప్పు మీద పారాసిటమాల్‌తో పాటు ట్రమడాల్ ఉంది. పక్కింటి ఆంటీ పొట్లం కూడా వచ్చి కూర్చుంది, ఎవరికో హోమియో పొడులు. చిన్న చిన్న కాగితాల్లో తెల్లటి పొడి, మీద ఏమీ రాసి లేదు!

జగిత్యాల బాపు

అది ఇయ్యాలనే తిరిగి ఇచ్చేయ్ బిడ్డా.

రాత్రి డ్యూటీ

విమానాశ్రయంలో పని చేస్తాను, ఎక్కడో అడక్కండి. అందరూ ‘క్యాబిన్‌లో పెట్టండి’ అంటున్నారు, దానిలోనూ ఒక మెలిక ఉంది. విమానం నిండిపోతే పైన అరల్లో చోటుండదు. అప్పుడు గేటు దగ్గరే మీ చక్రాల సంచి తీసుకుని కిందికి పంపేస్తారు. మందులు అందులో ఉంటే అవీ పోతాయి. అందుకే మందులు వేరే చిన్న సంచిలో, ఒడిలో పెట్టుకునేంతగా ఉండాలి. సంచి అడిగినప్పుడు అది మాత్రం తీసి చేతిలో పట్టుకోవాలి. వీల్‌చైర్ తీసుకునే పెద్దవాళ్లు ముఖ్యంగా, ఎందుకంటే సంచి వాళ్ల దగ్గర కాకుండా తోసే మనిషి దగ్గర ఉంటుంది.

తనిఖీ దగ్గర సూదులు, ఇన్సులిన్ దాచకండి. ముందే ట్రేలో పెట్టి చీటీ చూపించండి. మందు సిరప్పు 100 మిల్లీలీటర్లు దాటినా ప్రయాణానికి కావాల్సినంత వరకు అనుమతిస్తారు, ఆవకాయ నూనెకు ఆ మినహాయింపు లేదు.

లెక్కల మాస్టారు

గేటు దగ్గర సంచి లాక్కోవడం నాకూ జరిగింది, ఒప్పుకుంటాను. సరే, ఇన్సులిన్, వారం పది రోజుల మాత్రలు ఒడిలో. మిగతావి పెట్టెలో. ఇంతకంటే దిగను.

ఇక స్ట్రిప్పులంటారా? మన మందుల కొట్లలో పది అడిగితే పది, ఏడు అడిగితే ఏడు కత్తిరించి ఇస్తారు. పేరు, ఎక్స్‌పైరీ ఉన్న ముక్క కొట్లోనే ఉండిపోతుంది. అప్పుడు స్ట్రిప్పుకూ హార్లిక్స్ సీసాకూ తేడా ఏముంది?

మందుల కొట్టు మావయ్య

ఆ దెబ్బ నాకే తగిలింది, ఒప్పుకుంటున్నా. ప్రయాణానికి అని చెప్పి నిండు స్ట్రిప్పులే అడగండి, బిల్లు కూడా తీసుకోండి, దాని మీద బ్యాచ్ నెంబరు, ఎక్స్‌పైరీ ఉంటాయి. థైరాయిడ్ మాత్ర సీసాలో వస్తే ఆ సీసాలోనే ఉంచండి, తేమ, వెలుతురు తగిలితే పాడవుతుంది. డాక్టరుతో చీటీలో బ్రాండు పక్కన మందు అసలు పేరు రాయించండి. మన బ్రాండు పేరు చికాగోలో ఎవరికీ అర్థం కాదు. ఏ రోజు మాత్రలు ఆ గడిలో సర్దుకునే గళ్ల డబ్బా అక్కడ ఇంట్లోకి చేరాక వాడుకోమనండి.

దారిలో ఇన్సులిన్ టైం కూడా అడగండి. చికాగో మనకంటే పదిన్నర గంటలు వెనక. పడమటికి వెళ్తే ఆ రోజు సాగుతుంది, రాత్రి డోసు ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో డాక్టరే రాసివ్వాలి.

ఈసీఐఎల్ అబ్బాయి

సాయంత్రం వంటింటి త్రాసు మీద పెట్టి చూశాం. ఇద్దరివీ తొంభై రోజుల మాత్రలు, స్ట్రిప్పులతో సహా, ఎనిమిది వందల గ్రాములు దాటలేదు. నాన్న రెండుసార్లు తూచారు. తర్వాత చేతి సంచిలోంచి తనే ఒక స్వెట్టరు తీసి పక్కన పెట్టారు, ఏమీ అనలేదు. సీసాలు మాత్రం కడిగి ఎండలో పెట్టారు, ఎందుకో అడగలేదు.

పొట్లం ఆంటీకి ఇచ్చేశాను, ముఖం మాడ్చుకున్నారు. అమ్మ నొప్పి మాత్ర మార్చడానికి, నాన్న పెన్ను సంగతికి శుక్రవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. మావయ్యా, పెన్నుకు మారితే ఇంట్లో మిగిలిన నాలుగు సీసాలు మీ కొట్టులో వెనక్కి తీసుకుంటారా?

మందుల కొట్టు మావయ్య

ఫ్రిజ్‌లోంచి ఒకసారి బయటికి వెళ్లింది వెనక్కి తీసుకోను తమ్ముడూ. ప్రయాణం దాకా అవే వాడించు.