ఉచిత వైద్యశాలకు రాష్ట్ర నిధుల కోసం లాబీయింగ్ సంస్థను పెట్టుకోవాలా?

స్టెతస్కోప్:
టాంపా పరిసరాల్లో మన తెలుగు వైద్యులు వారాంతాల్లో నడుపుతున్న ఉచిత వైద్యశాలకు ఫ్లోరిడా రాష్ట్ర బడ్జెట్‌లో 2,50,000 డాలర్ల కేటాయింపు కోరాలని పాలకవర్గం ఆలోచిస్తోంది. దంతవైద్య విభాగం తెరవడానికి, ఒక నర్సును జీతంపై నియమించడానికి ఆ సొమ్ము అవసరం. రాష్ట్ర రాజధాని టాలహాసీలోని ఒక లాబీయింగ్ సంస్థ నెలకు 4,500 డాలర్ల రుసుముతో ఏడాది ఒప్పందానికి సిద్ధంగా ఉంది. మన వార్షిక వ్యయం 2,80,000 డాలర్లని అందరికీ తెలుసు. అభిప్రాయాలు ఇక్కడ రాస్తే వచ్చే సమావేశం ముందుంచుతాను.

లెక్కలమాస్టారు:
నెలకు 4,500 అంటే ఏడాదికి 54,000 డాలర్లు. ధర్మసంస్థలు లాబీయింగ్‌పై ఎంత ఖర్చు చేయవచ్చో లెక్కగట్టే పద్ధతిని 1976 నాటి కేంద్ర చట్టం ఇచ్చింది. దాన్ని ఎంచుకున్న సంస్థ తన వ్యయంలో మొదటి 5,00,000 డాలర్ల మీద 20 శాతం వరకు ఖర్చు పెట్టవచ్చు. మన విషయంలో ఆ పరిమితి 56,000. అంటే మిగిలేది రెండు వేలు. మన వైద్యులు టాలహాసీకి వెళ్లి శాసనసభ్యులను కలిస్తే ఆ ప్రయాణఖర్చులు, వారి వెంట వెళ్లే మన కార్యాలయ ఉద్యోగి జీతంలో ఆ రోజుల భాగం కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. పరిమితి దాటిన ప్రతి డాలరుపై 25 శాతం పన్ను పడుతుంది. ఇంతకీ ఆ పద్ధతిని ఎంచుకుంటున్నట్టు తెలిపే 5768 ఫారం మనం కేంద్ర పన్నుల శాఖకు ఎప్పుడైనా పంపామా?

గోదారిగట్టు:
మన ఊళ్లో దీన్ని పైరవీ అనేవారు, నెలజీతం మాత్రం ఇచ్చేవారు కాదు.

కాపిటల్‌మెట్లు:
నేను కొంతకాలం టాలహాసీలో ఒక శాసనసభ్యుడి కార్యాలయంలో పనిచేశాను కనుక ఆ రుసుముకు ఏం వస్తుందో చెబుతాను. బడ్జెట్‌లో మనలాంటి సంస్థకు చోటు దొరకాలంటే సెనేట్‌లో ఒకరు, ప్రతినిధుల సభలో ఒకరు మన అభ్యర్థనను తమ పేరుతో సమర్పించాలి. ప్రతినిధుల సభలోనైతే 2017 సమావేశాలకు తెచ్చిన నిబంధనతో ప్రతి ప్రాజెక్టూ విడి బిల్లుగా రావలసి వచ్చింది. ఎవరిని అడగాలన్నది మొదటి ప్రశ్న. మన నియోజకవర్గ సభ్యుడికి మనపై అభిమానం ఉండవచ్చు, కానీ ఆరోగ్యశాఖ పద్దులు చూసే ఉపసంఘంలో కూర్చునే సభ్యుడి మాటకు ఉండే బరువు వేరు. రెండవది, ఏమి అడగాలన్నది. ఇలాంటి కేటాయింపులను సాధారణంగా ఆ ఒక్క ఏడాదికే ఇస్తారు కనుక దంతవైద్య కుర్చీలు, ఎక్స్‌రే యంత్రం అడిగితే తేలిగ్గా నెగ్గవచ్చు. నర్సు జీతం అడిగితే వచ్చే ఏడాది మళ్లీ చేయి చాపాలి.

అసలు పని ఆ తరువాతే మొదలవుతుంది. రెండు సభలూ తమ తమ బడ్జెట్లు ఆమోదించాక వాటి మధ్య తేడాలు తీర్చే చర్చలు జరుగుతాయి. ఆ చివరి రాత్రుల్లో మిగిలిన సొమ్మును రెండు సభల బడ్జెట్ సంఘాల అధ్యక్షులు చిన్న చిన్న ప్రాజెక్టులకు పంచుతారు. దాన్ని అక్కడివారు చిలకరింపు జాబితా అంటారు. ఎవరి ప్రాజెక్టు జారిపోయిందో, ఎవరిది సగానికి కుదించారో ఆ గంటల్లో తెలుసుకుని సరైన తలుపు తట్టేవాడే లాబీయిస్టు. బడ్జెట్ ప్రతి సిద్ధమయ్యాక 72 గంటలు ఆగి ఓటు వేయాలన్నది రాజ్యాంగ నియమం, కానీ అప్పటికి ఎవరూ ఏమీ మార్చలేరు. ఆపై గవర్నరు ఒక్కో పద్దును విడిగా కొట్టేయగలరు కనుక ఆయన కార్యాలయాన్నీ ఒప్పించాలి. వారాంతాల్లో రోగులను చూసే వైద్యులు ఇదంతా టాంపాలో కూర్చుని చేయలేరు.

గజ్జెలసవ్వడి:
చెప్పిన తీరు బాగుంది, జరిగే తీరు వేరు. మా నృత్య సంస్థ ఒకప్పుడు ఇలాంటి సంస్థకే రుసుము కట్టింది, పేరు చెప్పను. శాసనసభ నడిచినన్నాళ్లూ శుక్రవారం సాయంత్రం ఒక ఈమెయిల్ వచ్చేది, అందులో మా సంస్థ పేరు తప్ప మిగతా వాక్యాలన్నీ ఎవరికైనా పంపదగినవే. ఫ్లోరిడాలో లాబీయింగ్ సంస్థలు ఏ ఖాతాదారు నుండి ఎంత మొత్తం వచ్చిందో మూడు నెలలకోసారి శ్రేణులవారీగా బహిరంగంగా తెలపాలి కదా, ఆ పట్టికలు తీసి చూస్తే మా పద్దులోంచే నిధులు అడుగుతున్న మరో సంస్థ కూడా వారి ఖాతాదారేనని తెలిసింది. ఒకే కుండలోని అన్నానికి ఇద్దరి తరఫునా ఒకే మనిషి విస్తరి పట్టుకుని నిలబడ్డాడు. ఇక 2024లో గవర్నరు డిసాంటిస్ కళాసంస్కృతి గ్రాంట్లు సుమారు 3.2 కోట్ల డాలర్లు ఒక్క కలంపోటుతో కొట్టేశారు. అప్పుడు ఏ లాబీయిస్టు ఏం చేయగలిగాడు?

కాపిటల్‌మెట్లు:
మీ అనుభవాన్ని కాదనను, కానీ ఆ ఉదాహరణ ఇక్కడ అతకదు. ఆ కళాగ్రాంట్లు శాసనసభ్యులు ఒక్కొక్కటిగా అడిగిన ప్రాజెక్టులు కావు. నిపుణుల బృందాలు మార్కులు వేసి వరుసక్రమం ఇచ్చినవి. లాబీయిస్టు ప్రమేయం లేనివే పోయాయని చెప్పడం నా వాదనకే బలం.

గజ్జెలసవ్వడి:
అయితే 2015 సంగతి చూడండి. గవర్నరు రిక్ స్కాట్ 46 కోట్ల డాలర్లకు పైగా పద్దులు కొట్టేసినప్పుడు వాటిలో ఉచిత వైద్యశాలల సంఘానికి కేటాయించిన సొమ్ము కూడా ఉంది. మనలాంటివారి సొమ్మే.

లెక్కలమాస్టారు:
అందరూ టాలహాసీ చుట్టూ తిరుగుతున్నారు, నేను అడిగిన ఫారం సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి. రాష్ట్రం ఇచ్చే గ్రాంటు సొమ్ముతో శాసనసభపై లాబీయింగ్ చేయకూడదని ఫ్లోరిడా చట్టం. డబ్బు వస్తేనే రుసుము అనే ఒప్పందం కూడా ఇక్కడ నిషిద్ధం. అంటే నిధులు వచ్చినా రాకపోయినా ఈ 54,000 మన దాతల జేబులోంచే పోవాలి. సంక్రాంతి విందులో వంద డాలర్లు రాసిచ్చినవారికి ఈ మాట చెప్పి అడిగామా?

స్ట్రాబెర్రీతోట:
నేను వైద్యశాలలో నర్సుగా స్వచ్ఛంద సేవ చేస్తాను. ఉదయం ఏడింటికి తలుపు తీసేసరికే ప్లాంట్ సిటీ తోటల్లో స్ట్రాబెర్రీలు కోసే కూలీలు బయట నిలబడి ఉంటారు. మొన్న ఒకాయన చక్కెర 480 చూపించింది. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెన్ను ఒకటే మిగిలి ఉంది. పంటినొప్పితో వచ్చేవారికి మాత్ర ఇచ్చి పంపడం తప్ప మేము చేయగలిగింది ఏమీ లేదు. 54,000 ఖర్చుకు 2,50,000 వచ్చే అవకాశం ఉంటే ఎందుకు వద్దంటున్నారో నాకు బోధపడటం లేదు.

లెక్కలమాస్టారు:
అవకాశం అన్న మాటను గమనించండి. వచ్చినా ముందుగా రావు. ఆరోగ్యశాఖతో ఒప్పందం కుదరాలి, మనం పని చేసి బిల్లు పెట్టాలి, లెక్కలు సరిపోయాక చెల్లింపు వస్తుంది. అన్ని నెలలు నర్సు జీతం ఎవరు కడతారు? అభ్యర్థన ఫారంలో ఒప్పుకున్న పని చేయకపోతే ఏ జరిమానా వేయాలో కూడా మనల్నే సూచించమంటారు.

స్టెతస్కోప్:
ఏడాదికి బదులు శాసనసభ సమావేశాలకు ముందు రెండు నెలలు, సమావేశాలు నడిచే అరవై రోజులు, గవర్నరు సంతకం వరకు ఒప్పందం కుదుర్చుకుంటే ఖర్చు సగానికి తగ్గుతుంది. అప్పుడు మీ 20 శాతం పరిమితి సమస్యే ఉండదు కదా, మాస్టారూ?

లెక్కలమాస్టారు:
పరిమితి సమస్య ఉండకపోవచ్చు. కానీ శాసనసభ్యులకు చూపడానికి లాబీయింగ్ సంస్థవారు మన గురించి తయారుచేసిన ఒక పేజీ పత్రం నా దగ్గర ఉంది, దాన్ని ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదేం? అందులో తెలుగు అన్న మాట లేదు. వ్యవస్థాపక వైద్యుల ఫోటో తీసేసి తోటకూలీల ఫోటో పెట్టారు. వీసాపై వచ్చే మన అమ్మానాన్నల గురించి ఒక్క అక్షరం లేదు.

స్ట్రాబెర్రీతోట:
ఇదా అసలు సంగతి! ఇన్నిసార్లు చట్టం, శాతం, ఫారం అని తిప్పి తిప్పి చెప్పింది, వైద్యశాలకు కూలీలు రావడం మీకు ఇష్టం లేదు కనుకనా?

లెక్కలమాస్టారు:
ఆ మాట వెనక్కి తీసుకోండి. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగింది. ప్రయాణబీమా సంస్థ పాత జబ్బు సాకుతో చెల్లించలేదు, ఆసుపత్రి బిల్లు తీర్చడానికి ఇంటిపై అప్పు చేశాను. అలాంటి కుటుంబాలు కొన్ని కలిసి పెట్టుకున్న వైద్యశాల ఇది. కూలీలు వచ్చినందుకు నేను ఏనాడూ బాధపడలేదు. రాష్ట్రం సొమ్ము తీసుకున్న మరునాడు, మా అమ్మ వయసు మనిషి రక్తపోటు మాత్రల కోసం వస్తే ఆమెను లెక్కల్లో ఏ గడిలో రాస్తారన్నదే నా ప్రశ్న.

నిర్వాహకుడు:
వ్యక్తిగత ఆరోపణలు వద్దు. ఇంకోసారి ఇలా రాస్తే ఆ వ్యాఖ్య తొలగిస్తాను.

కాపిటల్‌మెట్లు:
ఇప్పుడు అడిగిన ప్రశ్న సరైనది, సూటిగా జవాబు చెబుతాను. ఎంతమందికి, ఏ వర్గంవారికి సేవ చేస్తారని నిధుల అభ్యర్థన ఫారం అడుగుతుంది. సందర్శకులను చూడకూడదని అక్కడ రాసి ఉండదు. అయితే ఏ సభ్యుడైనా తన నియోజకవర్గంలో నివసించే బీమాలేని ప్రజల కోసమే సహోద్యోగులను అడగగలడు; ఆరు నెలల వీసాపై వచ్చిన పెద్దవారి కోసం ఎవరూ అడగరు. ఫారంలో ఏ సంఖ్య రాస్తామో ఒప్పందంలో అదే లక్ష్యమవుతుంది, ఆ లక్ష్యం చేరడానికే వారాంతపు సమయాలన్నీ పోతాయి. లాబీయిస్టు ఆ పత్రంలో తెలుగు అన్న మాట తీసేయడానికి కారణం అదే. అతని వృత్తిరీత్యా అది మంచి సలహా.

గజ్జెలసవ్వడి:
అంటే అతనికిచ్చే రుసుములో మనం ఎవరమో నిర్ణయించే హక్కు కూడా కలిసి ఉందన్నమాట.

స్ట్రాబెర్రీతోట:
మాస్టారి తల్లి విషయం నాకు తెలియదు. కానీ శనివారాలు దాతల డబ్బుతో పెద్దవారికి, ఆదివారాలు రాష్ట్ర ఒప్పందం కింద మిగతావారికి అని విడదీయలేమా? ఎక్స్‌రే యంత్రం మటుకు ఇద్దరికీ కావాలి.

లెక్కలమాస్టారు:
రాష్ట్రం సొమ్ముతో కొన్న యంత్రాన్ని శనివారం వాడుకోవచ్చని ఒప్పందంలో రాతపూర్వకంగా ఉంటే ఆలోచిస్తాను. నోటిమాట చాలదు.

స్టెతస్కోప్:
సమావేశంలో రెండు తీర్మానాలు విడివిడిగా పెడతాను. వైద్యశాల ఎవరి కోసమన్నది మొదటిది. అది తేలాకే లాబీయింగ్ రుసుము. ఆలస్యమైతే ఈ ఏడాది అభ్యర్థనల గడువు దాటిపోవచ్చని సంస్థవారు హెచ్చరించారు, అయినా సరే.

కాపిటల్‌మెట్లు:
గడువు దాటితే చిలకరింపు జాబితాలో కూడా చోటు ఉండదు. మొదటి తీర్మానానికి ఒక్క సమావేశం సరిపోతుందని నేను అనుకోను.

గోదారిగట్టు:
ఇంతకీ మాస్టారు మొదట అడిగిన ఆ 5768 ఫారం పంపారా, లేదా?

స్టెతస్కోప్:
లేదు. పన్ను సంవత్సరం ముగిసేలోగా పంపితే ఏడాదంతటికీ వర్తిస్తుంది కనుక ఇంకా సమయం ఉంది. సంతకం పెట్టవలసిన అధ్యక్షులవారు ప్రస్తుతం విజయవాడలో ఉన్నారు.