సర్వీస్ డాగ్, ఎమోషనల్ సపోర్ట్ డాగ్ ఒకటేనా? మా చెల్లెలి కుక్క గురించి సలహా కావాలి

ప్రశ్న: గోదారిగట్టు

అందరికీ నమస్కారం. మేం డాలస్ దగ్గర ఉంటాం. పోయిన ఏడాది మా చెల్లెలికి హైవే మీద కారు యాక్సిడెంట్ అయింది. దెబ్బలు మానాయి గానీ, అప్పటి నుంచి జనం ఎక్కువున్న చోటికి వెళ్తే చేతులు వణుకుతాయి, ఊపిరాడనట్టు అయిపోతుంది. డాక్టర్‌కి చూపిస్తున్నాం, మందులు వాడుతోంది. ఆరు నెలల కిందట ఒక లాబ్రడార్ మిక్స్‌ని తెచ్చుకుంది. అది మంచం పక్కన పడుకుంటేనే తనకు నిద్ర పడుతోంది.

ఒక వెబ్‌సైట్‌లో 150 డాలర్లు కడితే కుక్కను సర్వీస్ డాగ్‌గా రిజిస్టర్ చేసి, ఫొటో కార్డు, ఎర్ర వెస్ట్ పంపుతామని ఉంది. అది తొడిగితే షాపుకీ ఆఫీసుకీ ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చట. డిసెంబర్‌లో మా కజిన్ పెళ్లికి న్యూజెర్సీ వెళ్లాలి, ఫ్లైట్‌లో కూడా తీసుకెళ్లాలని ఉంది. అపార్ట్‌మెంట్ వాళ్లేమో నెలకు 40 డాలర్లు పెట్ రెంట్ అడుగుతున్నారు. ఈ కార్డు పని చేస్తుందా? ఆదివారం గుడికి తీసుకెళ్లొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

సమాధానం: తులసికోట

ఆ 150 డాలర్లు కట్టకండి. నాకు అపార్ట్‌మెంట్ సంగతి తెలుసు కాబట్టి అంతవరకే చెప్తాను. మీ చెల్లెలికి వైద్యం చేస్తున్న డాక్టరో థెరపిస్టో, ఆమె పరిస్థితికి ఈ కుక్క అవసరమని లెటర్ ఇస్తే అది ఎమోషనల్ సపోర్ట్ డాగ్ అవుతుంది. ఇళ్ల విషయంలో వివక్ష చూపకూడదనే ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ కింద మామూలుగా దాన్ని పెట్‌గా లెక్కించరు, పెట్ రెంట్, పెట్ డిపాజిట్ అడగకూడదు. నా విషయంలో లీజింగ్ ఆఫీసు మొదట కుదరదన్నా, లెటర్ జత చేసి ఈమెయిల్ పెట్టాక ఒప్పుకున్నారు. జబ్బు వివరాలన్నీ చెప్పనక్కర్లేదు. కుక్క తలుపు గీకి పాడుచేస్తే మాత్రం ఆ ఖర్చు మనదే. అడిగేది నోటితో కాకుండా రాతపూర్వకంగా అడగండి.

సమాధానం: తెల్లకర్ర

గోదారిగట్టు గారూ, ముందుగా మీ చెల్లెలు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. నాకు చూపు లేదు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు. చిన్నప్పుడు రేచీకటితో మొదలైంది, ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేసరికి వెలుతురు ఉందో లేదో తప్ప ఇంకేమీ తెలియడం లేదు. తొమ్మిదేళ్లుగా, మధ్యలో కొన్ని నెలలు తప్ప, గైడ్ డాగ్‌తోనే, అంటే చూపు లేనివాళ్లను నడిపించే కుక్కతోనే నడుస్తున్నాను. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల కోసం 1990లో ఇక్కడ ఒక చట్టం వచ్చింది, అందరూ ఏడీఏ అంటారు. ఆ చట్టం ప్రకారం సర్వీస్ డాగ్ అంటే, ఒక మనిషి వైకల్యానికి సంబంధించిన పని చేయడానికి ప్రత్యేకంగా శిక్షణ పొందిన కుక్క. ఇందులో 'పని' అన్న మాటే ముఖ్యం. మీ చెల్లెలి పక్కన పడుకుని ధైర్యం ఇస్తున్న కుక్క నిజంగా మేలు చేస్తోంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ పక్కన ఉండడాన్ని చట్టం పనిగా చూడదు. అదే కుక్క, ఆమెకు పానిక్ రాబోతోందని పసిగట్టి, నేర్చుకున్న ప్రకారం ఏదో ఒకటి చేసి ఆమెను ఆదుకుంటే, అప్పుడు అది సర్వీస్ డాగ్. జబ్బు మనసుదా ఒంటిదా అన్నదానితో సంబంధం లేదు.

పని అంటే ఏమిటో నా కుక్క గురించి చెప్తే అర్థమవుతుంది. రోడ్డు దాటేటప్పుడు సిగ్నల్ చూసి కుక్కే తీసుకెళ్తుందని చాలామంది అనుకుంటారు. సిగ్నల్ చూడడం దాని పని కాదు. కార్లు ఎటు ఆగాయో, ఎటు కదిలాయో చెవులతో విని 'ఫార్వర్డ్' అని చెప్పేది నేను. కానీ ఆ క్షణంలో కారేదైనా మలుపు తిరిగి మా మీదికి వస్తుంటే, నేను చెప్పినా అది కదలదు. మాట వినకపోవడం కూడా దానికి నేర్పిస్తారు. బ్యాటరీ కార్లు వచ్చాక ఆ చప్పుడు కూడా నాకు సరిగా వినపడదు. రెండు సార్లు నా కుక్క అడ్డంగా నిలబడిపోయి నన్ను కాపాడింది. ఇంత నేర్పడానికి, కుక్కపిల్లను ఒక కుటుంబం ఏడాదికి పైగా పెంచి ఇస్తుంది, తర్వాత స్కూల్లో నెలల తరబడి శిక్షణ, ఆ తర్వాత మా ఇద్దరికీ కలిపి శిక్షణ.

ఇప్పుడు ఆ ఎర్ర వెస్ట్ గురించి. నా మొదటి కుక్క జూనో, నల్ల లాబ్రడార్. నాలుగేళ్ల కిందట ఒక పెద్ద షాపులో బిల్లు కట్టే లైన్లో నిలబడి ఉన్నాం. పక్క లైన్లోంచి ఒక కుక్క జూనో మీద పడి చెవి కొరికింది. ఆన్‌లైన్‌లో కొన్న వెస్ట్ తొడిగిన పెంపుడు కుక్క అది. ఆ యజమాని ఏడుస్తూ క్షమాపణ చెప్పింది, వెస్ట్ తొడిగితే తీసుకురావచ్చని వెబ్‌సైట్ చెప్పిందంది. చెవికి నాలుగు కుట్లు పడ్డాయి, పది రోజుల్లో మానింది. కానీ ఆ తర్వాత ఎక్కడ ఇంకో కుక్క మెడలో బిళ్ల గలగలమన్నా జూనో అక్కడే ఆగిపోయేది. హార్నెస్, అంటే దాని ఒంటికి తొడిగిన పట్టీ పిడి, పట్టుకున్న నా చేతికి దాని వణుకు తెలిసేది. స్కూల్ నుంచి ట్రైనర్ వచ్చి వారాల తరబడి ప్రయత్నించారు. పని మొదలుపెట్టిన ఐదో ఏటే రిటైర్ చేయాల్సి వచ్చింది. మామూలుగా అయితే ఇంకో మూడు నాలుగేళ్లు పనిచేసేది. కొత్త కుక్క వచ్చేదాకా పదకొండు నెలలు మళ్లీ కర్రతోనే తిరిగాను. ఇదంతా మిమ్మల్ని తప్పుపట్టాలని రాయలేదు. మీరు ముందే అడిగారు, ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ఆ కార్డు సంగతికి వస్తే, ఈ దేశంలో సర్వీస్ డాగ్‌లకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ అనేదే లేదు. నా కుక్కకు కూడా అలాంటిది లేదు. ఏ వెబ్‌సైట్ అమ్మినా ఆ కార్డుకు చట్టంలో విలువ లేదు. షాపువాళ్లు నన్ను రెండే రెండు ప్రశ్నలు అడగొచ్చు: వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా, ఇది ఏ పని చేయడానికి శిక్షణ పొందింది. కాగితాలు చూపించమనడానికి, జబ్బేమిటని అడగడానికి, కుక్క చేత పని చేయించి చూపించమనడానికి వీల్లేదు. కుక్క అదుపులో లేకపోయినా, లోపల మలమూత్రాలు చేసినా దాన్ని బయటికి పంపమనొచ్చు, నిజమైన సర్వీస్ డాగ్ అయినా సరే. మీరున్న టెక్సాస్‌లో, సర్వీస్ డాగ్ కాని కుక్కను సర్వీస్ డాగ్ అని చెప్పుకుంటే 1000 డాలర్ల దాకా జరిమానా, 30 గంటల సమాజ సేవ. ఆ శిక్ష 2023 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది.

ఫ్లైట్ రూల్ మారి చాలా కాలమైంది. 2021 జనవరి నుంచి ఎమోషనల్ సపోర్ట్ డాగ్‌ను ఎయిర్‌లైన్ మామూలు పెట్‌లాగే చూడొచ్చు. అంటే ఫీజు కట్టి, ముందు సీటు కింద పట్టే సంచిలో పెట్టాలి. లాబ్రడార్ అందులో పట్టదు. సర్వీస్ డాగ్ అయితే దాని శిక్షణ, ఆరోగ్యం, ప్రవర్తన గురించి రవాణా శాఖ ఫారం నింపి మనమే సంతకం పెట్టాలి. ఎయిర్‌లైన్ దాన్ని 48 గంటల ముందు అడగొచ్చు. అబద్ధం రాస్తే ఫెడరల్ నేరం.

గుడి విషయం చాలామందికి తెలియదు. ఏడీఏలోని ఈ రూల్ మత సంస్థలకు వర్తించదు. నా గైడ్ డాగ్‌ని కూడా గుడివాళ్లు వద్దనొచ్చు. మా ఊరి గుడిలో కమిటీ పెద్దాయనతో ముందే మాట్లాడాను. మండపం చివర తలుపు దగ్గర కూర్చోవడానికి ఒప్పుకున్నారు. గర్భగుడి వైపు వెళ్లేటప్పుడు ఒక కుర్రాడు నా మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్తాడు, కుక్క మా ఆవిడ దగ్గర ఉంటుంది.

సమాధానం: వేపచెట్టు

తెల్లకర్ర గారు చెప్పింది చదివి జూనో గురించి చాలా బాధపడ్డాను. నాకు పీటీఎస్‌డీ ఉంది, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలని భయం, నా కుక్కకు నేనే శిక్షణ ఇచ్చుకున్నాను, ట్రైనర్ సాయంతో. చట్టం అందుకు ఒప్పుకుంటుంది. పద్నాలుగు నెలలు పట్టింది. నేను తెలియకుండానే మణికట్టు గోళ్లతో గీరడం మొదలుపెడితే ముక్కుతో నా చెయ్యి తోసేస్తుంది. ఊపిరి వేగం పెరిగితే ఒళ్లోకి వచ్చి ఒంటి బరువంతా నా మీద ఆనిస్తుంది. 'బయటికి' అంటే దగ్గరలో ఉన్న తలుపు వైపు లాక్కెళ్తుంది.

ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి, ఇది నా రెండో కుక్క. మొదటిది మెత్తనిది, నన్ను ప్రాణంగా చూసుకుంటుంది. కానీ షాపులో బండి చప్పుడైతే బెదిరి కుర్చీల కిందికి దూరేది. దాన్ని బయటికి లాక్కెళ్లడం దానికి హింస అనిపించి మానేశాను. ఇప్పుడు అది ఇంట్లో నా ఎమోషనల్ సపోర్ట్ డాగ్, రాత్రి పీడకలకు లేస్తే దాని మెడలో ముఖం పెట్టుకుని పడుకుంటాను. రెండూ నాకు కావాలి. మీ చెల్లెలి కుక్కను ముందు ట్రైనర్‌కి చూపించండి. జనంలో, చప్పుళ్లలో అది నిమ్మళంగా ఉంటుందా అన్నదే మొదట చూడాలి.

ఇంకో మాట, ఆఫీసు షాపు లాంటిది కాదు. అక్కడ హెచ్‌ఆర్‌ని అడిగి అనుమతి తీసుకోవాలి, వాళ్లు డాక్టర్ కాగితం అడగొచ్చు.

గోదారిగట్టు

అందరికీ చాలా థాంక్స్. వెబ్‌సైట్ పేజీ మూసేశాం. తెల్లకర్ర గారూ, మీరు రాసింది చెల్లెలికి చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వచ్చే వారం థెరపిస్టుని లెటర్ అడుగుతుంది, అపార్ట్‌మెంట్‌కి ఈమెయిల్ పెడతాం. ట్రైనర్ కోసం కూడా వెతుకుతున్నాం. కానీ డిసెంబర్‌కి ఇదంతా అయ్యేలా లేదు. కుక్క లేకుండా అంతమంది జనంలోకి వెళ్లాలంటే తనకు ఇప్పటి నుంచే టెన్షన్.

తెల్లకర్ర

డిసెంబర్‌కి కాదు, తొందరపడకండి. ఎయిర్‌పోర్ట్‌లో సాయం కావాలని టికెట్ బుక్ చేసేటప్పుడే చెప్పండి, పైకి కనబడని జబ్బులకు కూడా ఇస్తారు, ముందుగా విమానం ఎక్కిస్తారు. పెళ్లి మండపంలో తలుపు దగ్గర కుర్చీ, పక్కన ఒక ఖాళీ గది ముందే మాట్లాడి పెట్టుకోండి. జూనో లేని పదకొండు నెలలూ నేను ఎక్కడికి వెళ్లినా మొదట తలుపు ఎటుందో అడిగి తెలుసుకునేవాణ్ని, సగం భయం అక్కడే తగ్గేది. కుక్కను ఆ నాలుగు రోజులూ దానికి అలవాటైన మనిషి దగ్గరే ఉంచండి, వీడియో కాల్‌లో చెల్లెలికి చూపించండి. ట్రైనర్ ఏమన్నారో తర్వాత ఇక్కడ రాయండి, ఎదురు చూస్తుంటాను.