ఆర్థిక నియంత్రణ చట్టంలో పీహెచ్‌డీ: నేరుగా చేరాలా, కొన్నేళ్లు పనిచేశాకా?

మెహదీపట్నం_అమ్మాయి:
ఎల్ఎల్ఎం అయిపోవస్తోంది. ఆర్బీఐ, సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) చట్టాల మీద పీహెచ్‌డీ చేసి టీచింగ్‌లోకి వెళ్దామని ఉంది. మా సీనియర్ ఒకాయన మాత్రం "ఫైలు ముట్టనివాళ్లు ఈ సబ్జెక్టు చెబితే క్లాసు నిద్రపోతుంది, ముందు ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీల దివాలా కేసులు వినే ట్రైబ్యునల్) నాలుగేళ్లు తిరుగు" అంటున్నారు. ఇంట్లోవాళ్ల టెన్షన్ వేరే, అది వదిలేయండి. మీరేమంటారు?

బషీర్‌బాగ్_లాయర్:
ఆయన చెప్పిందే కరెక్టండి. ఈ సబ్జెక్టు బేర్ యాక్టులో, అంటే చట్టం మూలపాఠంలో కన్నా సర్క్యులర్లలో ఎక్కువ ఉంటుంది. 2018 ఫిబ్రవరి 12 నాటి ఆర్బీఐ సర్క్యులర్ చూడండి: 2,000 కోట్లు, ఆపైన అప్పు ఉండి డిఫాల్ట్ అయిన (కట్టాల్సింది కట్టని) ఖాతా 180 రోజుల్లో తేలకపోతే దివాలా కోడ్ కింద పిటిషన్ వేయాల్సిందే. చదవడానికి ఎంతసేపు? అప్పిచ్చిన బ్యాంకులన్నీ ఒక గదిలో కూర్చుని, ఒకాయన సరేనంటే ఇంకొకాయన హెడ్డాఫీసును అడగాలంటూ ఉంటే ఆ 180 రోజులు ఎలా కరిగిపోతాయో చూడనివాళ్లు ఏం పాఠం చెబుతారు?

థీసిస్_నత్త:
లాయర్ గారూ, ఆ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుంది. 2019 ఏప్రిల్ 2న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది కదా. బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 35ఏఏ సెక్షన్ కింద కేంద్రం అనుమతితో ఫలానా డిఫాల్ట్ అని చూపించి ఆర్బీఐ ఆదేశమివ్వాలి తప్ప అందరినీ ఒకే గాటన కట్టడానికి లేదంది. ఆ గదిలో ఉన్నవాళ్లకు ఎలా పాటించాలన్నదే తలనొప్పి, అసలు ఈ అధికారం ఎక్కడిదని తీరిగ్గా ఆలోచించేది పరిశోధకులే. మన దగ్గరే చూడండి, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ (పేదలకు చిన్న అప్పులిచ్చే కంపెనీల) ఆర్డినెన్స్ తెచ్చాక వసూళ్లు కుప్పకూలాయి. ఆర్బీఐ చూసుకునే ఎన్‌బీఎఫ్‌సీల (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీల) మీద రాష్ట్రం చేయి వేయొచ్చా? హైదరాబాద్‌లో కూర్చుని రాయడానికి ఇంతకన్నా టాపిక్ ఏం కావాలి!

బషీర్‌బాగ్_లాయర్:
అధికారం ఎక్కడిదని కోర్టులో అడిగింది లాయర్లే బాబూ, క్లయింట్ ఫీజు కట్టాడు కాబట్టి. అయినా పొద్దున ఎన్‌సీఎల్‌టీ, సాయంత్రం క్లాసు అని రెండూ చేసుకోవచ్చు కదా.

మణికొండ_మాస్టారు:
అలా పార్ట్‌టైమ్‌గానే కుదురుతుంది. అడ్వకేట్‌గా ఉంటూ రోజుకు మూడు గంటలు మించకుండా చెప్పొచ్చు, ఫుల్‌టైమ్‌లో చేరితే ప్రాక్టీసు ఆపాల్సిందే. జీతం ముందే చూసుకోమ్మా, ఏడో వేతన సంఘం తర్వాతి యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ బేసిక్ 57,700తో మొదలు, ప్రైవేటు కాలేజీల్లో అది అడిగితే నవ్వేవాళ్లూ ఉన్నారు. నా మటుకు నేరుగా వెళ్లమనే అంటాను. నాలుగేళ్లు సంపాదనకు అలవాటు పడ్డాక స్టైపెండ్‌కు తిరిగొచ్చినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. ఫైలు ముట్టకపోతే ఏం, సెబీ ఆర్డర్లన్నీ వాళ్ల సైట్లో ఊరికే దొరుకుతాయి. చివరి పేజీలో పెనాల్టీ ఎంతో చూసి మూసేయకు. షోకాజ్ నోటీసులో ఏం ఆరోపించారు, అవతలివాళ్లు ఏం జవాబిచ్చారు, ఏ జవాబును ఆర్డర్ దాటేసింది, అది పట్టుకో. శాట్‌లో (సెబీ ఆర్డర్ల మీద అప్పీళ్లు వినే ట్రైబ్యునల్) అప్పీలు నిలిచేది చాలాసార్లు అక్కడే. నా భయమల్లా గైడ్ గురించే. కంపెనీ లా చెప్పే ప్రతివాళ్లూ దీనికి గైడ్ చేస్తామంటారు.

మెహదీపట్నం_అమ్మాయి:
మరి గైడ్ సంగతి ముందే ఎలా తెలుస్తుంది మాస్టారూ?

మణికొండ_మాస్టారు:
వాళ్ల దగ్గర ఇప్పుడు చేస్తున్న స్కాలర్లను క్యాంటీన్‌లో పట్టుకో. చాప్టర్ ఇస్తే ఎన్నాళ్లకు తిరిగొస్తుందో అడుగు.